అనంతపురం బుడ్డల దిగుబడి, వాన: ఇయర్ ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ పెట్టగానే కోఎఫిషియంట్ ఎందుకు కరిగిపోయింది?

చిత్రావతి

అందరికీ నమస్తే. ఎమ్మే ఎకనామిక్స్ ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టు మీద సందేహం. కొంచెం ఓపిగ్గా చదవండి.

అంశం పాత అనంతపురం జిల్లా ఖరీఫ్ వేరుశనగ, మా వైపు బుడ్డలంటాం. 63 మండలాలు, 1998 నుంచి 2017 దాకా 20 ఖరీఫ్‌లు. అన్నీ నిండి ఉంటే 1,260 వరుసలు రావాలి. కొన్ని మండలాలకు కొన్నేళ్ల దిగుబడి లేదు, అవి ఖాళీ. దిగుబడి హెక్టారుకు కిలోల్లో, పంట కోత ప్రయోగాల మండల సగటు. వాన జూన్ నుంచి సెప్టెంబరు దాకా మొత్తం, మండల కేంద్రంలోని వానమాపకం లెక్క.

లాగ్ దిగుబడిని వాన మీద రిగ్రెస్ చేశాను. మండల ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ (ప్రతి మండలానికీ ఎప్పుడూ మారని తేడాను తీసేసే విడి స్థిరాంకం) ఒక్కటే పెడితే కోఎఫిషియంట్ పాజిటివ్, టీ విలువ చాలా పెద్దది. ఇయర్ ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ కూడా కలపగానే కోఎఫిషియంట్ సగానికంటే కిందికి పడింది, స్టాండర్డ్ ఎర్రర్ పెరిగింది, సిగ్నిఫికెన్స్ పోయింది. గైడ్ సార్ ఒక్కటే అడిగారు: "అయితే అనంతపురంలో బుడ్డలకు వానతో పని లేదని రాస్తావా?"

ఎందుకిలా అయింది? ఇయర్ ఎఫెక్ట్స్ తీసేసి మొదటి ఫలితమే చూపిస్తే తప్పా? స్టాండర్డ్ ఎర్రర్లు మండలం మీద క్లస్టర్ చేశాను, సరిపోతుందా? నేను వాడేది ఆర్, అందులో ఫిక్సెస్ట్ ప్యాకేజీ.

కుందూ

చూడమ్మా, నీ రెండు రిగ్రెషన్లు రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ముందు దాన్ని గట్టిగా పట్టుకో.

మండల ఎఫెక్ట్ ఒక్కటే ఉన్నప్పుడు కదిరిలో మంచి ఏడాదిని కదిరిలోనే కరువు ఏడాదితో పోలుస్తున్నావు. ఇయర్ ఎఫెక్ట్ చేరితే ఆ ఏడాది జిల్లా సగటును వానలోంచీ దిగుబడిలోంచీ తీసేసినట్టే. ఇక మిగిలేది, ఆ ఏడాది కదిరికి తన మామూలు కంటే ఎంత ఎక్కువ పడింది, మిగతా మండలాలకు వాటి మామూలు కంటే ఎంత ఎక్కువ పడింది, ఆ రెంటి తేడా మాత్రమే. అనంతపురం మీదికి వచ్చే నైరుతి ఒకటే. అది మొహం చాటేస్తే 63 మండలాలకూ చాటేస్తుంది. నీ వాన లెక్కలో హెచ్చుతగ్గుల్లో పెద్ద భాగం ఏడాదికీ ఏడాదికీ మధ్య ఉంది, ఒకే ఏడాదిలో మండలానికీ మండలానికీ మధ్య ఉన్నది చిన్న భాగం. ఆ పెద్ద భాగాన్ని ఇయర్ ఎఫెక్ట్ ఎత్తుకుపోయింది. స్టాండర్డ్ ఎర్రర్ పెరగడానికి కారణం అది.

ఎంత పోయిందో నోటిమాటగా చెప్పొద్దు, లెక్కగట్టి చూపించు. దిగుబడిని పక్కన పెట్టు. వానను ఎడమవైపు పెట్టి మండల ఎఫెక్ట్స్ మీద మాత్రమే రిగ్రెస్ చేసి, రెసిడ్యువల్స్ (రిగ్రెషన్ వివరించలేక మిగిలిన తేడాల) వేరియన్స్ రాసుకో. తర్వాత మండలం, ఇయర్ రెండూ పెట్టి మళ్లీ చెయ్, ఆ వేరియన్స్ రాసుకో. రెండోదాన్ని మొదటిదాంతో భాగిస్తే వచ్చే భిన్నమే నీ రెండో రిగ్రెషన్ కాళ్లూనుకున్న నేల. స్టాండర్డ్ డీవియేషన్ మి.మీ.లలో కూడా ఇవ్వు. చదివేవాడికి అదే తేలిగ్గా తలకెక్కుతుంది.

కోఎఫిషియంట్ కూడా ఎందుకు పడింది? దానికి కారణం వేరు: కొలతలో తప్పు. వానమాపకం మండల కేంద్రంలో ఉంటుంది, పొలాలు పదిహేను కిలోమీటర్ల అవతల ఉంటాయి. ఊరికే అంకెలు అనుకుందాం. నిజమైన వాన వేరియన్స్ 100, అందులో ఏడాది వాటా 75, స్థానిక వాటా 25. కొలత తప్పు వేరియన్స్ 10, అది మండలానికి మండలానికి విడిగా పడేది. ఇయర్ ఎఫెక్ట్ లేనప్పుడు కోఎఫిషియంట్ 100/110 వంతుకు, అంటే 0.91కి తగ్గుతుంది, పెద్దగా కనబడదు. ఇయర్ ఎఫెక్ట్ పెడితే నిజం 25కి దిగింది, తప్పు మాత్రం దాదాపు 10 గానే ఉంది. 25/35, అంటే 0.71. ఎఫెక్ట్స్ ఎక్కువైన కొద్దీ మంచి సమాచారం వడపోతలో పోతుంది, చెత్త మిగులుతుంది.

ఇది నీ ఒక్కదాని తలనొప్పి కాదు. అమెరికా వ్యవసాయం మీద 2007లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చిన డెషేన్, గ్రీన్‌స్టోన్ వ్యాసంలో రాష్ట్రం-ఏడాది ఎఫెక్ట్స్ పెట్టారు. 2012లో అదే పత్రికలో ఫిషర్ తదితరులు ఆ ఎఫెక్ట్స్ వాతావరణంలో ఉన్న వైవిధ్యాన్ని చాలామట్టుకు మింగేశాయని, మిగిలినదాంట్లో కొలత తప్పు వాటా పెరిగిపోయిందని వాదించారు. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు. మీ సార్ అడిగిన ప్రశ్నకు జవాబు సగం అక్కడే దొరుకుతుంది.

పదును

కుందూ గారి లెక్క సరైనదే. కానీ దానికి ముందు ఇంకోటి చూడాలి. జూన్–సెప్టెంబరు మొత్తం వాన అనేది వాతావరణ శాఖ పెట్టుకున్న గడువు, బుడ్డల పంటకాలం కాదు.

జూన్ మొదటి వారంలో దంచిన వాన దుక్కికి పనికొస్తుంది, విత్తనం అప్పటికి గోతాంలోనే ఉంటుంది. జిల్లాలో ఎక్కువ విత్తు జూలైలో. కదిరి-6 లాంటి గుత్తి రకం 105–110 రోజుల పంట. జూలై మధ్యలో విత్తితే అక్టోబరు ఆఖరుకు, నవంబరు మొదటికి పీకుతారు. అంటే పంట లేని జూన్ నీ లెక్కలో ఉంది, పంట ఉన్న అక్టోబరు లేదు. అనంతపురంలో సగటున అన్నిటికంటే వాన ఎక్కువ పడే నెల సెప్టెంబరు, దాని వెన్నంటే అక్టోబరు. ఏడాది మొత్తమే సుమారు 550 మి.మీ. ఉన్న చోట ఒక నెల తప్పితే చాలా తప్పినట్టే.

దశల వారీగా విడగొట్టండి. ముందు విత్తు తేదీ కావాలి. రైతు నిజంగా విత్తిన తేదీ దొరికినా దాన్ని వాడొద్దు, అందులో రైతు నిర్ణయం కలిసి ఉంటుంది, ఎండోజెనిటీ (కారణమూ ఫలితమూ ఒకదాన్నొకటి లాగడం) వస్తుంది. వాన నుంచే ఒక నియమం పెట్టుకోండి: జూన్ 15 తర్వాత వరుసగా మూడు రోజుల్లో కలిపి 25 మి.మీ. దాటిన మొదటి తేదీ, అంటే విత్తే పదును. 20తోనూ 30తోనూ మళ్లీ చేసి ఫలితం కదలడం లేదని చూపండి. ఆ తేదీ నుంచి:

0–25 రోజులు: మొలక, పెరుగుదల.
26–50: పూత, ఊడలు (పూత నుంచి నేలలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగడం.
51–85: కాయ ఊరడం.
86–110: పక్వం, పీకడం.

ఈ నాలుగింటికీ వాన గుర్తు ఒకేలా ఉండదు, నా మాట అంతా ఇదే. మొదటి దశలో కొంచెం బెట్ట (వాన లేని ఎడం) పడితే బుడ్డలకు మేలు కూడా. ఆకు అదుపులో ఉండి, తర్వాత పదును తగలగానే పూత ఒక్కసారిగా వస్తుంది, కాయలు ఒకేసారి పక్వానికొస్తాయి. రెండో దశలో అదే బెట్ట పడితే ఎర్రనేల పైపొర గట్టిపడి ఊడ లోపలికి దిగదు. దిగని ఊడకు కాయ ఉండదు, తర్వాత ఎంత వాన పడినా ఆ నష్టం పూడదు. మూడో దశలో బెట్ట పడితే కాయ ఉంటుంది, గింజ నొక్కుకుపోతుంది. నాలుగో దశలో వాన ఎక్కువైతే గుర్తు మైనస్‌కి తిరుగుతుంది. గుత్తి రకాల గింజకు నిద్రావస్థ లేదు, భూమిలోనే మొలకెత్తుతుంది, పీకిన కట్టె కూడా బూజు పడుతుంది.

ఈ ప్లస్సూ మైనస్సూ అన్నీ కలిపి ఒక మొత్తంగా పెట్టి ఒకే కోఎఫిషియంట్ అడిగితే అది దేనికి జవాబు చెప్పాలి?

వాన మొత్తం కంటే బెట్ట పొడవు మేలు. వాతావరణ శాఖ లెక్కలో 2.5 మి.మీ. లేదా ఆపైన పడితేనే వానరోజు. 2.5 కంటే తక్కువ ఉన్న రోజులు వరుసగా ఎన్నో ప్రతి దశలో లెక్కపెట్టి, అతి పొడుగు వరుసను వేరియబుల్‌గా పెట్టండి. ఓపికుంటే తొట్టి లెక్క ఇంకా బాగుంటుంది: నేటి నేల తేమ = నిన్నటి తేమ + వాన − పంట వాడకం, కింద సున్నా, పైన నేల పట్టే గరిష్ఠం. తక్కువ లోతు ఎర్రనేలకు గరిష్ఠం 60 మి.మీ., నల్లరేగడికి 120, రోజు వాడకం 4–5 మి.మీ. అనుకుని మొదలుపెట్టండి. అవి మీ ఊహలని పద్ధతుల అధ్యాయంలో రాయండి, మార్చి చూపండి. ఒక్కరోజే 90 మి.మీ. పడితే 60 దాటింది వంకలో పోతుంది. మొత్తం వాన లెక్కలో ఆ తేడా కనబడదు, తొట్టి లెక్కలో కనబడుతుంది.

ఇంకో సంగతి. విడపనకల్లు, ఉరవకొండ వైపు నల్లరేగడి ఎక్కువ, కదిరి వైపు ఎర్రనేల. నేల రకాన్ని వానతో ఇంటరాక్ట్ చేయండి, అంటే రెంటినీ గుణించి ఒక వేరియబుల్‌గా పెట్టండి. నేల మారదు కాబట్టి విడిగా పెడితే మండల ఎఫెక్ట్ మింగేస్తుంది, ఇంటరాక్షన్‌ను మింగదు.

హగరి

దిగుబడి, వాన అంకెలు ఎలా పుడతాయో చెప్పేవాళ్లు తక్కువ కాబట్టి దాని వరకే రాస్తాను.

పంట కోత ప్రయోగం: ఊరు, సర్వే నంబరు, అందులో చోటు యాదృచ్ఛిక సంఖ్యల పట్టికతో ఎంచి, 5 మీ. × 5 మీ. గడి కొలిచి, అందులో పంట పీకి తూచుతారు. 25 చదరపు మీటర్లు అంటే హెక్టారులో 400వ వంతు. తూకంలో 100 గ్రాముల తేడా హెక్టారుకు 40 కిలోలు. మంచి ఏడాదిలో అది లెక్కలోకి రాదు. దిగుబడి 300 కిలోలకు దిగిన ఏడాదిలో అది 13 శాతం. మీరు లాగ్ తీసుకున్నారు కాబట్టి కరువు ఏళ్లలో ఈ తప్పు ఉబ్బి కనబడుతుంది. పచ్చికాయ బరువా, ఎండబెట్టిన బరువా అన్నది కూడా చూడండి. గణాంకాల పుస్తకంలో వచ్చేది ఎండు కాయ దిగుబడి అయి ఉండాలి. ఏదో ఒక మండలం ఒక్క ఏడాది చుట్టుపక్కల వాటికంటే మూడోవంతు ఎక్కువ చూపితే పచ్చి బరువు పడిందేమో అనుమానించాలి.

మండల సగటు వెనక ఎన్ని ప్రయోగాలున్నాయో సంపాదించండి. బుడ్డలు తక్కువ వేసే నల్లరేగడి మండలాల్లో నాలుగైదు గడుల సగటే మండల దిగుబడిగా నిలబడుతుంది. అలాంటి వరుసకీ, పెద్ద సాగున్న మండలం వరుసకీ ఒకే బరువు ఇవ్వకూడదు. వెయిట్‌గా 20 ఏళ్ల సగటు విస్తీర్ణం పెట్టండి. ఆ ఏడాది విస్తీర్ణం పెట్టొద్దు, అది వానను బట్టే మారుతుంది.

నీటి వసతి ఉన్నదీ లేనిదీ విడివిడిగా ఉందో లేదో చూడండి. కలిపిన అంకె అయితే హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) కింద మండలాలు వేరే కథ. 2012లో హంద్రీ-నీవా ఎత్తిపోతల నీళ్లు జీడిపల్లి రిజర్వాయరుకు చేరాయి, అది కూడా మీ కాలవ్యవధిలోనే. వీలైతే వర్షాధార దిగుబడి ఒక్కటే తీసుకోండి. రబీ బుడ్డలు బోరు కింద పంట, అవి పొరపాటున కూడా కలవకూడదు.

బీమా విషయం: దిగుబడి ఆధారిత పథకంలో పరిహారం కోత ప్రయోగం అంకెను బట్టి, వాతావరణ ఆధారిత పథకంలో వానమాపకం అంకెను బట్టి వస్తుంది. జాతీయ వ్యవసాయ బీమా 1999–2000 రబీలో, ఫసల్ బీమా 2016 ఖరీఫ్‌లో మొదలయ్యాయి, రెండూ మీ 20 ఏళ్ల లోపలే. పథకం మారితే బీమా యూనిట్ (పరిహారం లెక్కగట్టే ప్రాంతం) మారుతుంది, ప్రయోగాల సంఖ్య మారుతుంది, సగటులో పొరపాటు పరిమాణం మారుతుంది. ఏ ఖరీఫ్‌లో వేరుశనగ ఏ పథకం కింద ఉందో ఆ ఏటి ప్రభుత్వ నోటిఫికేషన్ చూసి ఒక కాలమ్‌లో రాసుకోండి.

ఇక వాన. వానమాపకం ఉదయం 8:30కి చదువుతారు, 12వ తేదీ కింద రాసింది చాలామట్టుకు 11న పడిన వాన. ఒకే మూలం వాడితే ఇబ్బంది లేదు, ఉపగ్రహ లెక్కతో కలిపేటప్పుడు ఒక రోజు జరపాలి. ఉపగ్రహ లెక్క ఎందుకంటే, కుందూ సార్ చెప్పిన కొలత తప్పుకు అదో మందు. పాత జిల్లా 19,130 చ.కి.మీ., 63తో భాగిస్తే మండలానికి సుమారు 300. వాతావరణ శాఖ పావు డిగ్రీ గ్రిడ్‌లో ఒక్క గడి 700 చ.కి.మీ. దాటుతుంది, అంటే రెండు మండలాలకు ఒకటే అంకె. మీ పనికి అది పనికిరాదు. చిర్ప్స్ అనే ఉపగ్రహ వాన లెక్కలో గడి 0.05 డిగ్రీలు, సుమారు 30 చ.కి.మీ., మండలానికి పది గడులు పడతాయి, 1981 నుంచి ఉంది. కానీ చిర్ప్స్‌ను ఐదు రోజుల మొత్తంగా కట్టి, దాన్నే రోజులకు పంచుతారు. అందుకని బెట్ట రోజులు లెక్కపెట్టడానికి దాన్ని నమ్మొద్దు, వానమాపకమే నమ్మండి. దశల వారీ మొత్తాలకు చిర్ప్స్ బాగుంటుంది.

వానమాపకం వానకు చిర్ప్స్ వానను ఇన్‌స్ట్రుమెంటుగా (అదే వానకు రెండో కొలతగా) పెడితే కొలత తప్పు వల్ల కుంచించుకున్న కోఎఫిషియంట్ కొంత తేరుకుంటుంది. షరతు ఒకటి: రెంటి తప్పులకూ సంబంధం ఉండకూడదు. చిర్ప్స్‌లో భూమ్మీద కేంద్రాల అంకెలు కూడా కలుపుతారు, కాబట్టి షరతు పూర్తిగా నిలవదు. ఆ మాట మీరే ముందుగా రాయండి, వైవాలో వాళ్లు అడిగేదాకా ఆగొద్దు.

చివరగా పేర్లు. మండలాల పేర్లు ఏడాదికో స్పెల్లింగులో ఉంటాయి. పేరుతో జోడించొద్దు, స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీలో ప్రతి మండలానికీ ఉన్న కోడ్‌ను ఒక కాలమ్‌గా పెట్టి దాంతో జోడించండి. 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండయింది, 31 మండలాలు అనంతపురంలో, 32 శ్రీ సత్యసాయిలో ఉన్నాయి. ఆ తర్వాతి పుస్తకాల్లోంచి ఏదైనా తీసుకుంటే రెండూ తెరవాలి.

చిత్రావతి

అందరికీ చాలా థ్యాంక్స్. కుందూ సార్ చెప్పిన వేరియన్స్ లెక్క చేశాను. మొత్తం వానలో ఇయర్ ఎఫెక్ట్ తర్వాత మిగిలింది చాలా తక్కువ. పదును గారు చెప్పిన ఊడల దశ బెట్ట పొడవుకు అదే లెక్క చేస్తే మిగిలింది బాగా ఎక్కువ, ఒకే ఏడాది కూడా మండలానికో తీరుగా ఉంది. దాన్ని పెట్టి రెండు ఎఫెక్ట్స్‌తో చేస్తే మైనస్ గుర్తుతో నిలబడింది.

ఇప్పుడు ఇయర్ ఎఫెక్ట్స్ ఉంచాలా, తీసి ట్రెండ్ పెట్టాలా? ఏది మెయిన్ టేబుల్?

గండికోట

ఉంచాలి. ఇందులో మొహమాటం వద్దు.

ఇయర్ ఎఫెక్ట్ వానను మింగుతుందన్నది నిజమే, కానీ అది వానతో పాటు ఇంకా చాలా మింగుతుంది, అందుకే కదా పెట్టేది. 2000 ఖరీఫ్ చూడండి. ఆ ఏడాది అనంతపురంలో కాండం కుళ్లు వైరస్ తెగులు లక్షల హెక్టార్లలో పడింది. పొగాకు చార వైరస్ అది. కాంగ్రెస్ గడ్డి పుప్పొడిని తామర పురుగులు బుడ్డల మీదికి మోసుకొస్తే అంటుకుంటుంది. ఆ ఏటి దిగుబడిని ట్రెండ్ గీత వివరించలేదు, వాన మీద వేస్తే తప్పుడు కోఎఫిషియంట్ వస్తుంది. విత్తనం సబ్సిడీ ఎంత వచ్చింది, కొత్త రకం ఎప్పుడు పాకింది, మద్దతు ధర ఎంత ప్రకటించారు, ఇవన్నీ జిల్లా అంతటికీ ఒకే ఏడాది ఒకేలా తగులుతాయి. 20 ఏళ్లకు సరళరేఖ ట్రెండ్ గీసి ఇవన్నీ సర్దుకున్నాయనడం కుదరదు.

కుందూ

గండికోట గారూ, 2000 సంగతి ఒప్పుకుంటాను. ఆ ఏడాదిని తీసేసి ఒకసారి చేసి చూపించాల్సిందే. అయితే మీ వాదనలో ఒక మెలిక ఉంది. తెగులు కొన్నిసార్లు వాన దారిలోనే వస్తుంది. తొలకరికి కాంగ్రెస్ గడ్డి మొలిచి, తర్వాత బెట్ట పడితే తామర పురుగులు పెరుగుతాయి. అప్పుడు తెగులు వాన ప్రభావంలో భాగమే, దాన్ని తీసేస్తే వాన మొత్తం ప్రభావంలో ఒక ముక్క కోసేసినట్టు. ధర కూడా అంతే: జిల్లా అంతా కరువైతే మార్కెట్‌లో ధర కదులుతుంది, కూలీ రేటు కదులుతుంది, ఆ స్పందన అంతా ఇయర్ ఎఫెక్ట్‌లోకి పోతుంది.

కాబట్టి అమ్మా, రెండూ పెట్టు. మొదటి కాలమ్: మండల ఎఫెక్ట్స్, మండలానికో ట్రెండ్. దాని అర్థం "జిల్లా మీద కరువు పడితే ఏమవుతుంది". రెండో కాలమ్: మండలం, ఇయర్. దాని అర్థం "అదే ఏడాది పక్క మండలం కంటే ఇక్కడ బెట్ట పదిరోజులు ఎక్కువైతే ఏమవుతుంది". కారణం గురించి గట్టిగా మాట్లాడాలంటే రెండోదే. ఆ మాటలో గండికోట గారితో నాకు తేడా లేదు. మూడో కాలమ్‌లో 2000 లేకుండా రెండోది. ప్రతి కాలమ్ కింద మిగిలిన వేరియన్స్ భిన్నం ఒక వరుసగా వెయ్.

క్లస్టర్ ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. నీ మొదటి టీ విలువ అంత పెద్దగా రావడానికి కారణం అక్కడుంది. మండలం మీద క్లస్టర్ చేస్తే ఒకే మండలంలో ఏడాదికీ ఏడాదికీ మధ్య సంబంధాన్ని ఒప్పుకున్నావు, కానీ ఒకే ఏడాది కదిరికీ ధర్మవరానికీ సంబంధం లేదన్నావు. ఇయర్ ఎఫెక్ట్ లేనప్పుడు అది ఘోరమైన అబద్ధం. నీకు నిజంగా ఉన్నది 1,260 కరువులు కాదు, 20 ఖరీఫ్‌లు. మొదటి కాలమ్‌కు ఏడాది మీద కూడా క్లస్టర్ చెయ్యాలి, రెండువైపులా. ఫిక్సెస్ట్‌లో క్లస్టర్ దగ్గర రెండు పేర్లూ ఇస్తే అదే చేస్తుంది. అప్పుడు తక్కువ క్లస్టర్ల సంఖ్య 20, టీ పట్టికలో 19 డిగ్రీల దగ్గర 5 శాతానికి 2.093 చూడాలి, 1.96 కాదు. 20 క్లస్టర్లంటే అదీ తక్కువే, మామూలు సూత్రం అవసరానికి మించి తిరస్కరిస్తుంది. ఏడాది మీద వైల్డ్ క్లస్టర్ బూట్‌స్ట్రాప్ (ఒక్కో ఏడాది రెసిడ్యువల్స్‌ను యాదృచ్ఛిక వెయిట్లతో గుణించి మళ్లీ మళ్లీ రిగ్రెస్ చేయడం) చేసి పీ విలువ పక్కన వెయ్, 9,999 సార్లు. 20 క్లస్టర్లకు రాడమాకర్ వెయిట్లు (+1 లేదా −1) చాలు, కలయికలు పది లక్షలు దాటతాయి. పది, పన్నెండు క్లస్టర్లే అయితే ఆరు విలువలుండే వెబ్ వెయిట్లకు పోవాల్సి వచ్చేది.

రెండో కాలమ్‌కు ఇయర్ ఎఫెక్ట్ ఉన్నా పక్కపక్క మండలాల సంబంధం పూర్తిగా పోదు, మబ్బుకు మండలం గట్టు తెలియదు. కాన్లీ స్టాండర్డ్ ఎర్రర్లు వెయ్, అవి కటాఫ్ దూరంలోపు మండలాలకు సంబంధం ఉందని ఒప్పుకుంటాయి, ఫిక్సెస్ట్‌లోనే ఉన్నాయి. మండల కేంద్రాల అక్షాంశ రేఖాంశాలు కావాలి, కటాఫ్ 50, 100, 150 కి.మీ. మూడూ చూపించు. 50 నుంచి 100కి పోతే ఎర్రర్ బాగా పెరిగితే 50 చాలలేదని అర్థం.

పదును

ఒక చేర్పు. "వానకు దిగుబడి" అని రాస్తున్నారు, కానీ వాన ముందు విస్తీర్ణాన్ని కొడుతుంది. జూలైలో పదును తగలకపోతే చాలా పొలాలు బీడు పడతాయి, లేదా ఆగస్టులో కంది, జొన్న లాంటి వాటికి మళ్లుతాయి. బుడ్డలు వేసేది నేల మంచిదైన చోట, లేదా తడి అందే చోట. దాంతో ఆ చెడ్డ ఏడాది దిగుబడి ఉండాల్సినదానికంటే మెరుగ్గా కనబడుతుంది, మీ కోఎఫిషియంట్ సున్నా వైపు జరుగుతుంది. జిల్లాలో ఒకప్పుడు ఎనిమిది లక్షల హెక్టార్లు దాటిన సాగు తర్వాత తగ్గుతూ వచ్చింది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. లాగ్ విస్తీర్ణాన్ని ఎడమ పక్క పెట్టి, జూన్–జూలై వాన మీద ఇంకో రిగ్రెషన్ చేయండి. ఉత్పత్తి = విస్తీర్ణం × దిగుబడి కాబట్టి లాగ్‌లో రెండు కోఎఫిషియంట్లు కూడితే ఉత్పత్తి మీద ప్రభావం వస్తుంది. ఒక్క షరతు, మూడు రిగ్రెషన్లలోనూ అవే వేరియబుల్స్, అవే వరుసలు ఉండాలి.

చిత్రావతి

చివరి సందేహం. కొన్ని మండలాల్లో దిగుబడి సున్నా అని ఉంది, లాగ్ తీస్తే ఆ వరుసలు ఎగిరిపోయాయి. ఒకటి కలిపి లాగ్ తీయమని ఒకరు చెప్పారు. ఖాళీగా ఉన్న వరుసలను పక్క మండలం సగటుతో నింపొచ్చా?

హగరి

రెండూ వద్దు.

సున్నా నిజమైన సున్నా అయితే, అంటే విత్తారు, ఎండిపోయింది, గడిలో కాయ లేదు, అదే మీ ప్రాజెక్టులో అతి విలువైన వరుస. బెట్టకు అతి పెద్ద దెబ్బ అక్కడే ఉంది. లాగ్ దాన్ని ఎగరగొట్టింది. ఒకటి కలిపితే ఏమవుతుందంటే, కిలోల్లో ఉంటే 400కు 1 కలుపుతారు, క్వింటాళ్లలో ఉంటే 4కు 1 కలుపుతారు. కొలమానం మారిస్తే ఫలితం మారిపోతుంది. లాగ్‌కు బదులు కొందరు వాడే ఇన్వర్స్ హైపర్బాలిక్ సైన్‌దీ అదే జబ్బు. ఫిక్సెస్ట్‌లో ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్‌తో పాయిజాన్ రిగ్రెషన్ ఉంది, ఎడమవైపు కిలోలు కిలోలుగానే ఉంచండి. దిగుబడి పూర్ణ సంఖ్య కానక్కర్లేదు, పాయిజాన్ పంపిణీలో ఉండనక్కర్లేదు, సగటు రూపం సరిగ్గా ఉంటే చాలు. కోఎఫిషియంట్‌ను సుమారుగా శాతంగానే చదువుకోవచ్చు, సున్నాలు లోపలే ఉంటాయి. పక్కన మామూలు కిలోల్లో లీనియర్ రిగ్రెషన్ కూడా ఒక కాలమ్ వేయండి. పదును గారి కూడిక మాత్రం లాగ్ ఉన్న వరుసలకే.

అయితే ముందు తేల్చాల్సింది సున్నా ఏ రకం అన్నది. కొన్ని పుస్తకాల్లో ప్రయోగం జరగకపోతే గీత పెడతారు, ఎక్కించేటప్పుడు ఆ గీత సున్నా అవుతుంది. విస్తీర్ణం కాలమ్ పక్కన పెట్టి చూడండి. విస్తీర్ణం వందల హెక్టార్లలో ఉండి దిగుబడి సున్నా అంటే పంట పోయిందనుకోవచ్చు, ఆ ఏటి కరువు మండలాల జాబితాలో ఆ పేరుందో లేదో సరిచూడండి. విస్తీర్ణమే సున్నా, లేదా పదీ ఇరవై హెక్టార్లంటే అది సున్నా కాదు, ఖాళీ.

ఖాళీలు నింపడం గురించి: పక్క మండలం సగటుతో నింపితే, ఇయర్ ఎఫెక్ట్ తర్వాత మిగిలే స్థానిక తేడాను మీ చేత్తో మీరే చెరిపేసినట్టు. దానికి బదులు ఖాళీ ఉంటే 1, లేకపోతే 0 అని ఒక వేరియబుల్ కట్టి, ఊడల దశ బెట్ట పొడవు మీద, విత్తే పదును ఎంత ఆలస్యంగా వచ్చిందన్నదాని మీద రెండు ఎఫెక్ట్స్‌తో రిగ్రెస్ చేయండి. సంబంధం కనబడకపోతే ఖాళీలను ఖాళీలుగానే వదిలి ముందుకు పోవచ్చు. కనబడితే ఖాళీలు బెట్ట పడిన మండలాల్లోనే ఎక్కువున్నట్టు, మీ అంచనా నిజమైన నష్టం కంటే తక్కువ చూపుతుందని దిశతో సహా రాయాలి. ఆ రిగ్రెషన్‌ను, ఖాళీ ఉన్న మండలం-ఏడాది పట్టికను నేల రకంతో సహా అనుబంధంలో పెట్టండి.